సత్రం సైటులో బలం మందు

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వస్తే, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని అడుగుతారు. లంచం కథో కోర్టు కథో చెబుతానని ఎదురుచూస్తారు. నేను బలం మందు కథ చెబుతాను. మొదట మర్యాదకు నవ్వుతారు. కథ ముగిశాక వాళ్ళలో ఒకరిద్దరు తమ కంప్యూటర్ల గురించి ఆలోచిస్తూ వెళ్తారు. అంతకంటే నేను కోరేదేమీ లేదు.

తేదీలు, మొత్తాలు రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఈ అలవాటు వల్ల నాతో వేగడం కష్టమని ఆఫీసులో అనుకునేవారు. నా వెనక కాదు, ముందరే. అయినా ఇక్కడ తేదీలు రాయను. రాస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. రెండు వేల దశకం చివరి ఏళ్ళు, వానలు పట్టిన కాలం అని మాత్రం చెబుతాను. అది బ్రహ్మోత్సవాలకు ముందు జరిగిందని మా పాత సహోద్యోగి ఒకాయన ఇప్పటికీ వాదిస్తాడు. తర్వాతే జరిగింది.

తిరుపతిలో ఒక ప్రైవేటు ట్రస్టు వారి యాత్రికుల సత్రంలో నేను ఆఫీసు సూపరింటెండెంటును. మా కార్యదర్శి చిత్తూరు పక్క పల్లెలో మామిడి తోటలున్న రైతు కుటుంబం మనిషి. ప్రభుత్వంలో ఇంజనీరుగా రిటైరై మాకు కార్యదర్శి అయ్యాడు. చెడ్డవాడు కాదు. చెప్పిందే చట్టమనుకునే మంచివాడు. జనం ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లలో గదులు వెతుక్కుంటున్నారని విని, మన సత్రానికీ సైటు ఉండాలన్నాడు.

"తెలుగులోనే ఉండాల," అన్నాడు.

"తమిళం వాళ్ళు కూడా వస్తారు కదా సార్?" అన్నాను.

"వాళ్ళు బోర్డు సదివి వస్తా ఉండారా యేమ్మా? తిరుపతికి రావాలని వస్తారు. మనం కన్నడంలో రాసినా వస్తారు."

సైటు చేసి పెట్టినాయనది నగరి. మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, తిరుపతిలో చిన్న గది తీసుకుని సైట్లు చేసేవాడు. ముప్పై దాటిన మనిషి. పని వేగం ఎక్కువ, ఓపిక తక్కువ. సైటంటే మిక్సీ లాంటిదని నాకు మొదటిరోజే చెప్పాడు. మిక్సీ ఒకటే, ఏ పనికి ఆ జారు తగిలించుకుంటాం. సైటుకు తగిలించే ఆ జారు పేరు ప్లగిన్. ఫోటోలు చూపడానికి ఒకటి, యాత్రికులు మాకు రాయడానికి ఒకటి, పేజీ పైన ఎర్ర అక్షరాలతో ప్రకటన పరిగెత్తడానికి ఒకటి. అన్నీ నెట్‌లో ఉచితంగా దొరికేవే. ఎవరు చేశారని అడిగితే, "ఎవురో పుణ్యాత్ముడు అక్కా," అన్నాడు. ఆ పుణ్యాత్ముడు ఏ ఊరివాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ పరిగెత్తే ప్రకటన రోజూ పొద్దున మార్చేది మా కౌంటరు గుమాస్తా. 'నేడు గదులు ఖాళీ కలవు' అనో, 'గదులు నిండినవి' అనో. గుమాస్తా నలభై దాటిన వైష్ణవుడు. వాళ్ళ ఇంట్లో తాత, ముత్తాత అందరూ గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు. ఈయన వంతు వచ్చేసరికి అన్నదమ్ములు ఎక్కువై, ఈయన మా కౌంటరుకు వచ్చాడు. నుదుట నామం, భుజం మీద తుండు. గది దొరకక అరిచే యాత్రికుడిని కూడా చల్లగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించగలవాడు. ఏళ్ళ తరబడి టెంపరరీగానే ఉన్నాడు. పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు కార్యదర్శి బల్ల మీదికి చేరింది. సంతకం ఒక్కటే బాకీ. సరిగ్గా ఆ వారంలో ఒకనాడు పొద్దున, ఆఫీసు తెరవగానే, మదనపల్లె నుంచి ఫోను వచ్చింది.

ఫోను ఎత్తింది నేనే.

"ఏమ్మా, సత్రమేనా?"

"సత్రమే. చెప్పండి."

"మీ సత్రంలో మందులు గూడా అమ్ముతారా?"

"మందులా? ఇది సత్రమండీ. ఆసుపత్రి కావాలంటే..."

"ఆసుపత్రి కాదులేమ్మా. రూములుండాయా లేదా అని మా మనవడి కంప్యూటర్లో సూస్తా ఉంటే, మగోళ్ళకు బలం మందు, ఒక్క మాత్రతో ఏనుగు బలం అని పరిగెత్తతా ఉండాదే! మా ఇంటామె పక్కనే నిలబడుకోనుంది. నేను మొక్కు తీర్చను వస్తాండానా, ఇంకేటికన్నానా?"

ఫోను పెట్టేసి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. గుమాస్తా అప్పటికే చూశాడు. భుజం మీది తుండు తీసి కంప్యూటరు తెర మీద కప్పి, దాని ముందు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. ఎదురుగా బిడ్డల్ని చంకనెత్తుకుని యాత్రికుల ఆడవాళ్ళు.

"తీయండి, మారుద్దాం," అన్నాను.

"ఆడవాళ్ళు ఉండారు మేడమ్."

"తుండు తీయకుండా ఎలా మారుస్తారు?"

ఆయన నావైపు చూసిన చూపులో, నేనూ ఆడదాన్నే గదా అన్న సంకోచం కనిపించింది. చివరికి తెరను గోడవైపు తిప్పి, తాను పక్కనుంచి వంగి చూస్తూ మార్చాడు. 'గదులు ఖాళీ కలవు' మళ్ళీ పరిగెత్తింది. ఈలోగా ఎంతమంది చదివారో లెక్క లేదు. నా సర్వీసులో లెక్క దొరకని సంగతుల్లో ఇదొకటి.

కార్యదర్శి సైటు పెట్టినాయనకు ఫోను చేయించాడు. సైటు లోపలి పేజీలో ఏ మార్పు ఎవరు చేశారో కనిపించే ఏర్పాటు ఉంది. ఆయన చూసి చెప్పాడు. బలం మందు ప్రకటన పెట్టింది గుమాస్తా పేరుతో లోపలికి వచ్చిన మనిషి. మా ఆఫీసు కంప్యూటరు నుంచే. ముందురోజు భోజనాల తర్వాత, గుమాస్తా కౌంటర్లో ఉన్న వేళలోనే.

"ఇంకేం గావాల?" అన్నాడు కార్యదర్శి. "మనిషి అబద్ధం చెప్తాడు. మిషను చెప్పదప్పా."

గుమాస్తా ఎదురుగా నిలబడి, "నేను రాయలేదు సార్. ఆ మందు పేరు పలికేదానికి గూడా నాకు రాదు," అన్నాడు.

"పలికేదానికి రాకపోయినా నొక్కేదానికి వస్తాది. కంపెనీవోడు ఏమన్నా ఇస్తాననుంటాడు."

ఫైలు వెనక్కి వచ్చింది. 'తమరు సైటులోని ప్రకటనను మార్చినారు కావున సంజాయిషీ ఇవ్వవలెను' అని కార్యదర్శి చెబుతుంటే నేను నోటీసు రాశాను. విచారణ నాది. శనివారం లోపల నివేదిక, దానితోపాటే గుమాస్తాను తీసేసే కాగితం కూడా సిద్ధం చేయమన్నాడు. విచారణకు ముందే ఫలితం టైపు చేయించడం మన ఆఫీసుల్లో కొత్త కాదు. దానివల్ల టైపిస్టుకు పని తేలిక.

సాయంత్రానికే ఎదురుగా ఉన్న టీ అంగట్లో ఆయనకు పేరు పెట్టేశారు. మందుల సామి. ఎవరైనా దగ్గితే చాలు, "సామి దగ్గరికి పోరా, మాత్ర ఇస్తాడు," అని నవ్వులు. ఆ పేరు చాలాకాలం పోలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. నిజం తేలాక అంతా సర్దుకుంటుందనే భ్రమ మీకు వద్దు.

ఇంటికి వెళ్ళేముందు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఉద్యోగం పోతే ఏదో ఒక లాడ్జిలో కూర్చుంటాను. తిరుపతిలో కౌంటర్లకు కొదవ లేదు. కానీ మా ఇంట్లో అందరూ స్వామి పని చేసినవాళ్ళు. ఈ పేరు మోసుకోని ఆ వాకిట్లోకి యెట్ల పోయేది?"

నాకు ఓదార్చడం రాదు. "నిన్న భోజనం తర్వాత ఏం చేశారో వరసగా చెప్పండి," అన్నాను.

వరసగానే చెప్పాడు. పొద్దున ప్రకటన మార్చాడు. ఆ తర్వాత దాని జోలికి పోలేదు. భోజనం చేసి వచ్చి సత్రానికి వచ్చిన మెయిళ్ళు చదివాడు. ఒక మెయిలు ఇంగ్లీషులో ఉంది. మీ గదుల ఫోటో ఎంత అధ్వాన్నంగా ఉందో చూడండి అని కింద లింకు. ఎవరో యాత్రికుడికి కోపం వచ్చిందేమో, జవాబు ఇద్దామని దాన్ని నొక్కాడు. తెల్ల పేజీ వచ్చింది. ఫోటో రాలేదు. మూసేశాడు.

"అంతేనా?"

"అంతే మేడమ్. ఫోటో చూసుంటే కనీసం జవాబన్నా రాసేవాణ్ణి."

"ఆ సమయానికి మన సైటు లోపలి పేజీ తెరిచే ఉందా?"

"అది యెప్పుడూ తెరిచే ఉంటుంది మేడమ్."

"పని అయ్యాక బయటికి రారా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. రండి చూపిస్తానని కౌంటరుకు తీసుకెళ్ళాడు. లోపలి పేజీ నేను చూడడం అదే మొదటిసారి. నాకు పాస్‌వర్డు ఇవ్వలేదు. రిటైర్మెంటు దగ్గరపడిన ఆడమనిషికి అది బరువని అనుకుని ఉంటారు. పేజీ పైన స్వామి ఫోటో, పూలమాలతో సహా. కార్యదర్శి పట్టుబట్టి పెట్టించాడట. ఫోటోకు సరిగ్గా కింద, పని అయ్యాక బయటికి రావడానికి నొక్కే బొత్తాం. సైటు పెట్టినాయన ఇంగ్లీషు మాటలన్నిటినీ తెలుగులోకి మార్చినప్పుడు దానికీ ఒక మాట పెట్టాడు. వెళ్ళిపో.

స్వామి ఫోటో. కింద, వెళ్ళిపో.

"మనం పోయేటప్పుడు కూడా పోతానని అనం మేడమ్, పోయొస్తా అంటాం. ఆయన్ని పట్టుకోని వెళ్ళిపో అనేదానికి నాకు నోరే రాదు. చెయ్యి యెట్ల వస్తుంది? తెర ఆపేసి, దణ్ణం పెట్టుకోని ఇంటికి పోతాను."

"కార్యదర్శి గారు?"

"ఆయన ఒకసారి నొక్కబోయి, దీపాలు పెట్టే వేళ ఇదేం మాటప్పా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నుంచి ఆయనా నొక్కలేదు."

అంటే సైటు మొదలైన నాటి నుంచి మా సత్రంలో లోపలికి వెళ్ళినవాళ్ళెవరూ బయటికి రాలేదు. భక్తి అంటే ఇంతకంటే ఏముంటుంది?

మర్నాడు నేను సైటు పెట్టినాయన గదికి వెళ్ళాను. మొదట ఆయన తప్పు తన మీదికి రాకుండా చూసుకున్నాడు.

"నా సైటులో ఏం లేదక్కా. మార్చింది ఆ సామి పేరు. నన్నెందుకు లాగతారు?"

"నేను ఎవర్నీ లాగడం లేదు. ఒక్కటే చెప్పు. వేరే ఎవరి పేజీనో తెరిస్తే మన సైటు మారుతుందా?"

"అదెట్ల మారతాది? పాస్‌వర్డు లేకుండా..." అని ఆగిపోయాడు. తల గోక్కున్నాడు. "సామి లోపలే ఉన్నాడా అప్పుడు?"

"ఎప్పుడూ లోపలే ఉంటాడు. నువ్వు పెట్టిన మాట వల్ల."

బొత్తాం సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు. ఆ మెయిలు నాకు పంపండక్కా, ఒక పూట టైమివ్వండి అన్నాడు. ఆ సాయంత్రం ఆయనే సత్రానికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. గుమాస్తాను, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఆ తెల్ల పేజీ వెనక ఒక ఫారం దాచిపెట్టినారక్కా. మన ప్రకటన మార్చే ఫారం ఎట్ల ఉంటాదో అచ్చం అట్లనే; ఆ ప్లగిన్ నెట్‌లో అందరికీ దొరికేదే గదా. ఈయన పేజీ తెరవంగానే ఆ ఫారం దానంతట అది మన సైటుకు పోయింది. ఈయన కంప్యూటర్లోంచే పోయింది గదా, సైటు సూసింది. ఎవురు వచ్చింది? సామి. సామి మనవాడే, లోపల ఉన్నవాడే. సరి, మార్చేసెయ్. అంతే. వచ్చింది ఎవురు అని అడిగింది గానీ, ఇది ఈయనకు ఇష్టమేనా అని అడగలేదు."

"అడగాల్సింది ఎవరు?" అన్నాను.

"ఆ ప్లగిన్ అడగాల. చెప్పుల స్టాండు ఉంటాది గదక్కా. చెప్పులు పెడితే వాడు టోకెన్ ఇస్తాడు. మళ్ళా వచ్చినప్పుడు మీరు ఎంత పెద్దమనిషైనా సరే, టోకెన్ ఏదీ అంటాడు. సైటు కూడా అంతే. ఫారం ఇచ్చేటప్పుడే దానిలో కనపడకుండా ఒక టోకెన్ పెట్టాల, ఫారం తిరిగొచ్చినప్పుడు ఆ టోకెన్ ఉందా అని సూడాల. బయటోడు చేసిన దొంగ ఫారంలో అది ఉండదు. దొరికిపోతాడు. మన పుణ్యాత్ముడు చేసిన ప్లగిన్లో టోకెన్ లేదు. మొహం సూసి చెప్పులిచ్చేసే స్టాండు అది."

గుమాస్తా మెల్లగా, "నా మొహం చూసి సత్రం చెప్పులు ఇంకెవరికో ఇచ్చినారన్నమాట," అన్నాడు.

"ఇదంతా సార్‌కు చెబుదాం," అన్నాడు సైటు పెట్టినాయన.

చెప్పడం వల్ల ఉపయోగం ఉండదని నాకు తెలుసు. మా కార్యదర్శికి చెబితే వింటాడు, విని తాను ముందే అనుకున్నది చెబుతాడు. చూపించాలి. "అలాంటి పేజీ ఒకటి నువ్వు చేయగలవా?" అని అడిగాను.

"చేయొచ్చక్కా. కానీ ఎవురో ఒకరు లోపల ఉండి దాన్ని తెరవాల."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లోపల ఉన్నది ఇద్దరే. అందులో ఒకరిని ఇప్పటికే ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు.

శనివారం కార్యదర్శి గదిలోకి నివేదికతో వెళ్ళాను. వెనక గుమాస్తా, సైటు పెట్టినాయన. కార్యదర్శి నన్ను కాకుండా నా చేతిలోని కాగితాలను చూశాడు.

"రాసినావా?"

"ఒక పరీక్ష మిగిలింది సార్. మీ కంప్యూటర్లో, మీ చేత్తోనే. ఒక పేజీలో ఒక ఫోటో చూస్తారు. దానివల్ల మన సైటులో ప్రకటన మారుతుంది. చూశాక పాతదే పెట్టేస్తాం. మీకు ఇష్టమైతేనే."

"ఫోటో సూస్తే ప్రకటన మారేది యెట్ల? నా చెయ్యి, నా కంప్యూటరు. నేను మార్చందే మారతాదా?" నవ్వాడు. "పెట్టు, సూస్తాం."

పేజీ తెరుచుకుంది. సైటు పెట్టినాయన తెలివైనవాడు. ఫోటోలో గంపెడు మామిడికాయలు పెట్టాడు. కార్యదర్శి కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు.

"బెంగుళూర కాయ. బాగుండాది. నీళ్ళు కట్టిన తోట కాదు, వాన కాయ. ముక్కు సూడు, ఎట్ల వంగిందో. ఎవురి తోపప్పా ఇది?"

"నెట్‌లో దొరికింది సార్."

"రంగు మాత్రం కొంచెం ఎక్కువేసినారు."

ఆయన కాయల్ని మెచ్చుకోవడం ముగిసేదాకా ఆగి, "ఇప్పుడు మన సైటు చూడండి సార్," అన్నాను.

సైటు పైన ఎర్ర అక్షరాలు పరిగెత్తుతున్నాయి. 'నేటి నుండి అన్ని గదులలో మామిడికాయలు ఉచితం.' సైటు పెట్టినాయన లోపలి పేజీ తెరిచి, చివరిగా మార్చినవారు అన్నచోట వేలు పెట్టాడు. కార్యదర్శి పేరు. ఆయన కంప్యూటరు. అప్పుడే.

"నేను యాడ మార్చినాను?" కార్యదర్శి కుర్చీలోంచి సగం లేచాడు. "మామిడికాయ సూసినాను, అంతే గదా! ఈడే ఉండారు గదా మీరంతా, సూస్తానే ఉండారు గదా!"

నోటీసు అందుకున్నాక గుమాస్తా ఆ గదిలో నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పాడు.

"నాకు ఆ ఫోటో గూడా రాలేదు సార్."

మిషను అబద్ధం చెప్పదు కదా సార్ అనాలని నా నాలుక దాకా వచ్చింది. అనలేదు. సూపరింటెండెంటుకు అనాలనిపించినవన్నీ అనడానికి జీతం ఇవ్వరు.

నిజానికి మిషను అబద్ధం చెప్పలేదు కూడా. తాను చూసినంత చెప్పింది. చెయ్యి ఎవరిదో చెప్పింది. మనసు ఎవరిదో దానికి తెలియదు. ఆ తేడా చూడడానికే ఆఫీసుల్లో ఇంకా మనుషుల్ని పెట్టుకుంటున్నారు. మీరు చేరబోయే చోట కూడా అందుకే పెట్టుకుంటారు. ఎవరి పేరైనా ఏ జాబితాలోనైనా కనబడగానే కాగితం టైపు చేయకండి.

ఆ రోజే ఆ ప్లగిన్ పీకేసి, టోకెన్ అడిగే ఇంకోటి తగిలించారు. సైటు పెట్టినాయన వెళ్ళిపో బొత్తాన్ని తీసి, మళ్ళీ వస్తాను అని మార్చాడు. అప్పట్నుంచి మా సత్రంలో అందరూ సాయంత్రం దాన్ని నొక్కడానికి పోటీపడేవారు. కార్యదర్శి అయితే టీకి లేచినా నొక్కేవాడు.

ఇక్కడితో కథ అయిపోయిందని అందరూ అనుకున్నారు. గుమాస్తా అనుకోలేదు.

సోమవారం కార్యదర్శి నన్ను పిలిచి విచారణ ముగించే వాక్యం చెప్పాడు. 'సాంకేతిక కారణముల వలన ప్రకటన మారినది.' పర్మనెంటు ఫైలు కూడా సంతకానికి పెట్టమన్నాడు. సంతోషంగా కౌంటరుకు వెళ్ళి చెప్పాను. గుమాస్తా ఆ వాక్యాన్ని మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"మారినది అంటే యెట్ల మేడమ్? నోటీసులో మార్చినారు అని రాసినారు. అప్పుడు చేసినవాడు ఉన్నాడు, నేను. ఇప్పుడేమో చేసినవాడే లేడు, దానంతట అది మారింది. నేను మార్చలేదని యాడా లేదే?"

"అర్థం అదే కదా?"

"మీకు అర్థమయితుంది. టీ అంగట్లో అర్థం కాదు. ఇతను మార్చలేదు అని రాయించండి. అది రాకుండా ఆ ఫైలు మీద సంతకం అయితే నేను తీసుకోను."

నేను ఆయనతో వాదించాను. సైటు పెట్టినాయన అప్పుడే బిల్లు కోసం వచ్చి ఉన్నాడు, ఆయనా వాదించాడు. "ఏం సామీ, ఇన్నేండ్లకు పర్మనెంటు వస్తా ఉంటే ఒక్క మాట కోసం పట్టుకుంటారా?"

"నీ బొత్తాం మీద గూడా ఒక్క మాటే కదప్పా ఉండింది," అన్నాడు గుమాస్తా.

కార్యదర్శికి చెబితే విసుక్కున్నాడు. అలా రాస్తే, ముందు నోటీసు తప్పని మనమే ఒప్పుకున్నట్టు కాదా అన్నాడు. ఔను, అవుతుంది. ఆ ముక్కలో ఆయనది తప్పు లేదు. వారం గడిచింది. ఫైలు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చి కూర్చుంది. గుమాస్తా ఎప్పట్లాగే యాత్రికులకు మజ్జిగ ఇప్పిస్తున్నాడు. ఈ ఫైలు ఇంకోసారి వెనక్కి పోతే, వచ్చే కార్యదర్శి వచ్చేదాకా కదలదని మా ఇద్దరికీ తెలుసు.

చివరికి నేనే ఆ కాగితం రాశాను. 'సదరు ప్రకటనను కౌంటరు గుమాస్తా మార్చలేదని విచారణలో రుజువైనది. ఇదివరకు ఇచ్చిన నోటీసు పొరపాటు.' దాన్ని ఆ రోజు సంతకాల కాగితాల మధ్యలో పెట్టి తీసుకెళ్ళాను.

కార్యదర్శి సంతకాలు భోజనం తర్వాత. ఆ వేళకు ఆయన కళ్ళజోడు జేబులోనే ఉండేది. నేను కాగితం తిప్పుతాను, ఆయన కలం దింపుతాడు, నేను తిప్పుతాను. పాల బిల్లు, బ్లీచింగ్ పౌడరు, కరెంటు. ఆ కాగితం వచ్చింది. కలం దిగబోయింది.

దిగనిస్తే అయిపోయేది. సంతకం ఆయనదే, చెయ్యి ఆయనదే, ఎవరూ కాదనలేరు. బలం మందు వాడు కూడా సరిగ్గా అలాగే అనుకుని ఉంటాడు.

చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది చదవండి సార్."

"సదివేదేముందిలేమ్మా? నువ్వు రాసినావు గదా."

"అందుకే చదవండి."

కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. చదివాడు. నావైపు చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఇది పెడితే తప్పు నాదని అయితాది."

"ఔను సార్."

"పెట్టకపోతే?"

"ఆయనదని అవుతుంది."

కిటికీలోంచి కౌంటరు కనిపిస్తుంది. గుమాస్తా ఎవరో ముసలమ్మకు పైమెట్లు చూపిస్తున్నాడు. కార్యదర్శి అటు చూశాడు. ఆయనకు కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు.

"వాని మీద నాకేం పగ లేదమ్మా," అన్నాడు.

"లేదని నాకు తెలుసు సార్. కాగితంలో అది లేదు."

మామూలుగా పొట్టి సంతకం చేసేవాడు, ఒక గీత, ఒక చుక్క. ఆ రోజు పేరు మొత్తం రాశాడు, ఇంటిపేరుతో సహా. కింద తేదీ వేశాడు. నేను అడగకుండా తేదీ వేసిన కాగితం ఆయన హయాంలో అదొక్కటే.

కౌంటరుకు తీసుకెళ్ళి ఇచ్చాను. గుమాస్తా తుండుతో చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చదివాడు. సంతకం మీద వేలు పెట్టి నన్ను అడిగాడు.

"సార్ చదివి పెట్టినాడా మేడమ్, ఊరికే పెట్టినాడా?"

"చదివారు. రెండుసార్లు."

"అయితే సరే," అన్నాడు. "ఇప్పుడు ఆ ఫైలు పంపించండి."